ఒక బండంత మన్ను

ఆ పొద్దున ఆకాశం గండికోట పక్కనుంచి కిందికి దిగివచ్చినట్టు ఉండింది. మబ్బులు కొండల నడుముదాకా వాలి, కురవకుండా, కదలకుండా నిలబడిపోయాయి. తూర్పున మాత్రం ఒక సన్నని చీలిక. ఆ చీలికలోంచి ఎండ పడినచోట శనగచేలు అప్పుడే పుట్టినంత పచ్చగా వెలుగుతున్నాయి. ఆనందయ్య పాళెం దాటి దారిలోకి వచ్చి, తాపీ సంచి భుజం మార్చుకుని, కాసేపు అట్లాగే నిలబడి చూశాడు. ప్రభువు గుడిలో పాట ఎత్తుకునే ముందు అందరూ లేచి నిలబడి ఒక్క క్షణం ఊరకుంటారే, అట్లాగుంది ఆయనకు.

తర్వాత నడిచాడు. సుంకిరెడ్డి ఇంటినుంచి కబురు వచ్చింది, ఎందుకో చెప్పలేదు.

ఆనందయ్య బండల మేస్త్రీ. జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ ఉన్న పల్లెల్లో నాపబండల ఇల్లంటే చాలావరకు ఆయన పరిచిందే. ఆయన పరిచిన బండమీద నీళ్ళు పోస్తే ఏ పక్కకు పోవాలో తెలియక ఆ నీళ్ళే నిలబడి ఆలోచిస్తాయని జనం చెప్పుకునేవాళ్ళు. అవి ఊరికి రెండు జెండాలు, రెండు మిద్దెలు ఉండే ఏండ్లు. ఒక మిద్దెవాళ్ళు ఇంకో మిద్దె ముందర నడవరు. ఆనందయ్య మాత్రం రెండు మిద్దెల్లోనూ నడుము వంచి పనిచేశాడు. ఎవరింట్లో ఏ గది యాడుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే నోరు తెరవడు.

"మామ నోరు గూడా బండ పరిచిందేలే, సందుల్లో సిమెంటేసినాడు," అని మౌలాలి నవ్వేవాడు. మౌలాలి సుంకిరెడ్డి జీపు తోలే మనిషి.

సుంకిరెడ్డి బోడిగుట్టపల్లెకు మాజీ సర్పంచి. నాలుగేండ్ల కిందట, పంచాయతీ ఎలక్షన్ల ముందర, వాకిట్లో పశువుల గాడి పక్క మన్నులో ఎవరో పూడ్చిపెట్టిన నాటుబాంబు ఆయన తమ్ముని కాలికింద పేలింది. తమ్ముడూ పోయాడు, పక్కన కట్టేసిన కోడెదూడా పోయింది. పోలీసులు వచ్చి ఇనుపకమ్మీలతో పొడిచి చూసి, ఇంకేమీ లేదన్నారు. ఊరు మాత్రం ఇంకొకటి ఉందనింది. సుంకిరెడ్డి పోలీసుల మాట నమ్మలేదు, ఊరి మాట నమ్మాడు. మనిషి దాక్కోవడానికి చోటుండకూడదని వాకిట్లో వేపచెట్టూ మునగచెట్టూ కొట్టించాడు. గడపనుంచి ప్రహరీగోడ దాకా బండలు పరవమన్నాడు. "మన్నులో ఒక్క పార గూడా దించొద్దు. ఇసక పోసి పైనే పరుచు," అన్నాడు. ఆనందయ్య అట్లాగే పరిచాడు. పరిచినాక పాలిషు పట్టించాడు. గేటులోంచి కాలుపెట్టినవాడు నడవలో కూర్చున్న సుంకిరెడ్డికి ముందు బండలో తలకిందులుగా కనపడాలి, తర్వాతే మనిషిగా కనపడాలి. అంత నున్నన.

ఆ ఇంట్లో ఇద్దరు కలిసి అన్నం తినరు. ఒకరు తింటుంటే ఒకరు గేటు చూడాలి. మిద్దెమీది కాపలావాడు నరసింహులు కిందికి దిగితే మౌలాలి పైకెక్కుతాడు. సుంకిరెడ్డి గోడకు వీపు ఆనించి, మొగం గేటు పక్కకు పెట్టి, చూపు దించకుండా తింటాడు. ఆయన భార్య సుబ్బరత్నమ్మ అందరికీ పెట్టి, ఆఖర్న వంటింట్లో ఒక్కతే తింటుంది. పాళెం మనిషి గనక ఆనందయ్యకు పనున్న రోజు గేటు బయట అరుగుమీద ఆకు వేస్తారు.

సుబ్బరత్నమ్మే ఆయన్ను వెనకవైపు వరండాలోకి పిలిచింది. కొంగుకింద ఒక చేట పట్టుకుని ఉంది.

"దీన్ని చూడు ఆనందయ్యా. మా తమ్ముడు పులివెందుల సంతలో తెచ్చిచ్చినాడు. జతగా తెస్తే ఒకటి సచ్చిపాయ. ఇది నడవడం ల్యా. ఈదుతాంది."

చేటలో చెవులపిల్లి, కుందేలు పిల్ల. తెల్లగా, పిడికిట్లో పట్టేటంత. తూర్పునుంచి వస్తున్న ఆ కాస్త ఎండ దాని చెవుల్లోంచి దూరి, లోపలి నరాలను తమలపాకు ఈనెల మాదిరి ఎర్రగా చూపించింది. ఆమె దాన్ని బండమీద దించింది. ముందరి కాళ్ళు నేలను పట్టుకున్నాయి. వెనక కాళ్ళు రెండూ చెరో పక్కకు జారి, చాపిన చేతుల్లా పరుచుకుపోయాయి. పొట్ట బండకు అతుక్కుంది. ముందరి కాళ్ళతో లాక్కుంటూ, వెనక ఒక తడి గీత గీసుకుంటూ, అది గోడదాకా పోయింది. గోడకాడ ఆగి, ముక్కు అదురుతుండగా వాళ్ళను చూసింది. అరవలేదు, మూలగలేదు.

"నొప్పి లేదా దానికి?" అన్నాడు ఆనందయ్య.

"నోరు లేదప్పా దానికి. నీ మాదిరే."

నడవలోంచి సుంకిరెడ్డి గొంతు వినపడింది. "ఏందిరా ఆనందయ్యా, నువ్వు గూడా చెవులపిల్లి వైద్యానికే వచ్చినావా? విను. శనగ కోతలయినాక పార్టీ పెద్దలు భోజనాలకు వస్తాండారు. వాళ్ళ కాళ్ళకింద ఇది పాకుతాంటే నగుబాటు. అప్పటికి లేచి నిలబడిందా, సరే. లేదంటే మౌలాలికిచ్చేస్తా. మసాలా వాళ్ళింట్లోనే శానా బాగుంటాది."

ఎగతాళికి అన్నట్టే అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఎగతాళికి అన్న మాట కూడా జరిగిపోతుంది. సుబ్బరత్నమ్మ మొగం చేటలోకి వంచుకుంది. మరిది పోయిన నాటినుంచి ఆమె ఆ గేటు దాటలేదు. కన్నపిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆమెను చూసి దగ్గరికి వచ్చే ప్రాణం ఇదొక్కటే, అదీ పాకుతూ.

"ప్రొద్దుటూర్లో పశువుల డాక్టరమ్మ ఉందంట. జీపులో పంపితే ముద్దనూరు కాడ నారపరెడ్డి మనుషులు ఆపుతారు. నువ్వయితే..." అంది.

ఆమె మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు కూడా. నారపరెడ్డి అవతలి మిద్దె. వాళ్ళింట్లో కూడా బండలు ఆనందయ్యవే.

బస్సులో ఆయన గంపను తొడలమీద పెట్టుకుని, పైన తడిపిన గోనెగుడ్డ కప్పాడు. ముద్దనూరులో ఎక్కినవాళ్ళలో నారపరెడ్డి మనిషి ఒకడు ఆయన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా మేస్త్రీ, గంపలో ఏంది? సుంకిరెడ్డి ఇంట్లో చుట్టిన ఉండలా?"

బస్సు నవ్వింది. నవ్వుతూనే ముందరి సీటు ముసలామె కాళ్ళు పైకి ముడుచుకుంది. ఆ కాలంలో ఉండలంటే లడ్లు కావు, నాటుబాంబులు. ఆనందయ్య గోనెగుడ్డ ఎత్తాడు.

రెండు చెవులు లేచాయి.

నవ్వు ఆగింది. ఆ మనిషి కూడా వంగి చూశాడు. వాని మొగం ఒక్క చిటికెలో చిన్నపిల్లవాని మొగం మాదిరి అయిపోవడం ఆనందయ్య చూశాడు.

"అబ్బ, ఎంత తెల్లగుండాదప్పా! కాళ్ళేమైనాయి దానికి?"

"జారిపోతాండాయి."

"ఎవురిది?"

"ఒకామెది."

వాడు మళ్ళీ అడగలేదు. ఎవరో పెద్దావిడ ఒడిలో శనగమోపు ఉంటే ఒక కొమ్మ తుంచి గంపలో వేశాడు. కుందేలు దాన్ని కొసనుంచి లోపలికి లాక్కుంటూ తింటుంటే బస్సు సగం అది తినడమే చూసింది. ఎర్రగుంట్ల దాటేదాకా ఎవరూ ఏ పార్టీ మాటా ఎత్తలేదు.

డాక్టరమ్మ పేరు మెహబూబున్నీసా. బంగారంగళ్ళ వెనక సందులో ఒక గది. ఆమె చీరకొంగు నడుముకు చెక్కుకుని, ఎనుములకూ మేకలకూ మందిచ్చే చేతుల్లో కుందేలు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టుకుంది. పొట్టకింద వెంట్రుకలు మూత్రానికి తడిసి పచ్చబడి, లోపల తోలు ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఆమె వేలితో తుంటి కీలును మెల్లగా తిప్పి చూసింది. తర్వాత దాన్ని రేకుబల్లమీద దించింది. కాళ్ళు జారిపోయాయి. ఆనందయ్య భుజంమీది తువ్వాలు అడిగి తీసుకుని, బల్లమీద పరిచి, దానిమీద దించింది.

"ఇప్పుడు చూడు పెద్దాయనా."

తువ్వాలుమీద కుందేలు కాసేపు ఊరకుంది. ఆమీదట కుడికాలు, అంత దూరాన పడున్న కుడికాలు, వేళ్ళతో నూలు పట్టుకుని రవ్వంత లోపలికి వచ్చింది. మళ్ళీ జారింది. మళ్ళీ వచ్చింది. ఆనందయ్య బల్లమీదికి వంగాడు.

"చూసినావా? కీలు పూర్తిగా పోలేదు. తుంటికాడ సడలింది, అంతే. పుట్టుకతో కొంచెం ఉన్నట్టుండాది. దాన్ని నేల ఇంకా చెడగొట్టింది. యాడ పెడతాండారు దీన్ని?"

"బండలమీద."

"నున్నటి బండలా?"

"నున్నగానే ఉంటాయి."

"ఎవుడప్పా పరిచింది? బండలు పరిచినాడా, అద్దాలు పరిచినాడా? మన జిల్లాలో ప్రతి ఇంటికీ ఇదొక పిచ్చి. మనుషులు గూడా జారిపడి తుంట్లు ఇరగ్గొట్టుకుంటాండారు."

ఆనందయ్య తువ్వాలు అంచును సరిచేశాడు. ఈ మాట తన పని గురించి ఇంతవరకు ఎవరూ అనలేదు. "నేనేనమ్మా పరిచింది," అన్నాడు.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అయితే మంచిదే. పరిచినోనికే తెలుస్తాది ఎట్లా తియ్యల్లో."

ఆమె మెత్తని పాతగుడ్డ పేలిక చింపి, రెండు వెనక కాళ్ళ మడమలపైన ఎనిమిది అంకె మాదిరి చుట్టి కట్టింది. కాళ్ళ నడుమ తుంటి వెడల్పంత సందు వదిలింది. బిగించలేదు, వదులూ వదల్లేదు. ఒక వేలు దూరాలని చెప్పింది. ఆయన్ను కట్టమంది. గడ్డపార పట్టే ఆయన చేతుల్లో ఆ కాలు ఒక తుమ్మపుల్లంతే ఉంది. బొటనవేలి కింద దాని గుండె కొట్టుకోవడం తెలిసింది. ఎంత గబగబా! వాన మొదలయ్యేటప్పుడు రేకులమీద పడే చినుకుల మాదిరి. ఇంత చిన్నదానిలో ఇంత పరుగు యాడ దాగుందో ఆయనకు అర్థం కాలేదు.

"ఎముక ఇంకా మొలక మాదిరుండాది. ఇప్పుడు నిలబెట్టినట్టు నిలబడతాది. రెండు కాళ్ళూ వస్తాయని నేను చెప్పను. ఒకటి రావచ్చు. ఏదీ రాకపోయినా పొడిగా, మెత్తగా పెట్టుకుంటే బతుకుతాది, సంతోషంగానే బతుకుతాది. రోజూ పొట్ట గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. గోనెపట్టా పరచండి. అన్నిటికంటే ముందు దానికి మన్ను కావల్ల."

"మన్నా?"

"గోళ్ళు దిగే మన్ను. తవ్వుకుంటేనే దానికి తుంటికి బలం. ఇంకోటి గుర్తుపెట్టుకో. వీటికి భయమేస్తే వెనక కాలితో నేలను గుద్దుతాయి, మిగతావాటికి చెప్పడానికి. ఆ దెబ్బ ఎప్పుడు వినపడిందో అప్పుడు కీలు కూడుకుందని అర్థం."

తిరుగుబస్సులో ఆనందయ్య తన అరికాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. జీవితమంతా నేలను నున్నగా చేయడమే పని. ఏ కాలికి ఎట్లుంటుందని ఎప్పుడూ అడగలేదు.

ఆ మర్నాటినుంచి ఆయన ఏదో ఒక సాకుతో రెడ్డిగారింటికి పోయేవాడు. గడపకాడ బండ కదిలిందనీ, దొడ్లో సిమెంటు ఊడిందనీ. వరండాలో గోనెపట్టాలు పరిచాడు. సుబ్బరత్నమ్మ పొట్ట తుడవడం నేర్చుకుంది, బందం కట్టడం నేర్చుకుంది. మేసే గాడిదలకు దూరం పోకుండా ముందరి కాళ్ళకు బందమేస్తారు. ఇది నడవడానికి వేసే బందం. ఆమె కట్టేటప్పుడు ఆనందయ్య అంత దూరంలో గొంతుక్కూర్చుని, "ఒక వేలు దూరల్ల తల్లీ," అనేవాడు. ఆమె తన చిటికెనవేలు దూర్చి చూపించేది.

గోనెపట్టామీద కాళ్ళు దగ్గరికి వచ్చేవి. కానీ కుందేలు రెండు ఎగుర్లు ఎగిరితే పట్టానే బండమీద జారిపోయేది. దాంతోపాటు కాళ్ళూ పోయేవి. అంచులమీద ఇటుకలు పెట్టారు. ఇటుకలూ జారాయి. తన పాలిషు అంత గొప్పది. ఆనందయ్య ఆ పట్టాను ఎన్నిసార్లు సర్దాడో, సర్దిన ప్రతిసారీ బండలో తన మొగం తలకిందులుగా కనపడేది.

అటు శనగచేలు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి.

ఒక పొద్దున సుంకిరెడ్డి నడవలో పేపరు పట్టుకుని ఉండగా ఆనందయ్య పోయి స్తంభం పక్కన నిలబడ్డాడు. 

"ఏందిరా?"

"ఒక బండ లేపల్ల రెడ్డీ."

"ఏ బండ?"

"వాకిట్లోది. వంటింటి మూలది. ఆ జీవానికి మన్ను కావల్లంట."

పేపరు కిందికి దిగింది. సుంకిరెడ్డి మొగంలో కోపం రాలేదు. కోపం వస్తే ఆనందయ్యకు ఇంత భయం కలిగేది కాదు. ఆ మొగం పాలిపోయింది.

"ఆ మన్నేం చేసిందో నీకు తెల్దా? నా తమ్మున్ని ఏరుకున్నా నేను ఆ మన్నులోంచి. ఇంకోటి ఉందని ఊరంతా చెప్పలేదా? నీ పిల్లికోసం ఆ మూత తెరవల్లనా?"

వంటింటి గడపకాడ గాజుల చప్పుడు అయింది. మొగుడు మాట్లాడుతుంటే సుబ్బరత్నమ్మ నడుమ మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె అక్కడ నిలబడి, కుందేలును కడుపుకు ఆనించుకుని, మొగునివైపు కాకుండా ఆ వాకిలి మొత్తాన్ని చూస్తూ చెప్పింది:

"నాలుగేండ్లయింది నేను మన్నుమీద కాలు పెట్టక. మన కాళ్ళు ఎట్ల జారిపోతాండాయో మనకు కనపడదు. దీనివి కనపడతాండాయి. అంతే తేడా."

 సుంకిరెడ్డి పేపరును మడత పెట్టాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"ఒక్క బండ," అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి. లేపేటప్పుడు ఎవరూ దగ్గరుండగూడదు. రేయ్ ఆనందయ్యా, నీకేమన్నా అయితే నన్ను అడగొద్దు."

"నాకేమన్నా అయితే ఇంక అడిగేదేముంది రెడ్డీ," అన్నాడు ఆనందయ్య. ఆ ఇంట్లో ఆయన వేసిన మొదటి ఎగతాళి అదే. మౌలాలి ఒక్కడే నవ్వాడు, అదీ సగం.

అందర్నీ ఇంటి వెనక్కి పంపారు. వాకిట్లో ఆనందయ్య, ఎండ, ఆ మూల బండ. ముందు ఉలితో సందుల్లో సిమెంటు గీకాడు. తను వేసిందే, గట్టిగా ఉంది. "ప్రభువా," అని ఒక్కమాట అనుకున్నాడు, ఇంకేం అడగాలో తోచలేదు. గడ్డపార మొనను సందులో పెట్టి, అరచేత్తో కొంచెం కొంచెంగా నొక్కాడు. బండ మొండికేసింది. తర్వాత, చాలాకాలం మూసి ఉంచిన నోరు తెరుచుకున్నట్టు, చిన్న చప్పుడుతో లేచింది. ఆయన దాన్ని నిలబెట్టి గోడకు ఆనించాడు. గడ్డపార పక్కన పెట్టేశాడు. మోకాళ్ళమీద కూర్చుని, ఇసుకను వేళ్ళతో తీయడం మొదలుపెట్టాడు, నిద్రపోయేవాని మొగంమీద దుప్పటి తీసినంత మెల్లగా.

ఇసుక అయిపోయి మన్ను తగిలింది. చల్లగా ఉంది. ఆయన వేలికి ఏదో దారం తగిలింది. చెయ్యి ఆగిపోయింది.  పేలే ఉండకు తాడు చుట్టి ఉంటుందని విన్నాడు. చాలాసేపు కదలకుండా ఆ దారాన్ని చూశాడు. తెల్లగా ఉంది. కణుపు ఉంది. కణుపుకాడ ఇంకా సన్నగా ఇంకో దారం.

గరిక.

ఇసుకకూ మన్నుకూ నడుమ, వెలుతురు లేకుండా, వాన లేకుండా, అంత బరువుకింద గరిక తెల్లతెల్లగా పాకుతూ వచ్చింది. వల మాదిరి అల్లుకుంది. ఆయన వేళ్ళతో ఇంకా వెడల్పు చేశాడు. ఎటు చూసినా ఉంది. పక్క బండ కిందికీ పోయింది. తను పరిచిన ఆ అద్దమంతా, ఆ వాకిలంతా, దీనిమీదనే ఉంది. నాలుగేండ్లు తను దీనిమీద నడుస్తూ నీళ్ళు నిలబడ్డాయా లేదా అని చూసుకున్నాడు. ఇది మాత్రం కింద, ఎవరికీ చెప్పకుండా, బతుకుతూ ఉంది. ఆనందయ్య చేతులు రెండూ మన్నులో పెట్టి అట్లాగే కూర్చుండిపోయాడు. 

"ఏమైందిరా? ఏముంది?" ఇంటి వెనకనుంచి సుంకిరెడ్డి.

 మాట రాకపోయేసరికి వాళ్ళే ఒక్కొక్కరు వచ్చారు. ముందు సుబ్బరత్నమ్మ, తర్వాత మౌలాలి, ఆఖర్న గోడ పట్టుకుంటూ సుంకిరెడ్డి. నలుగురూ వంగి ఆ బండంత చోటును చూశారు.

"యా అల్లా," అన్నాడు మౌలాలి మెల్లగా.

సుంకిరెడ్డి గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపాడు. పిడికెడు మన్ను తీసి ముక్కుకాడ పెట్టుకున్నాడు. ఏం వాసన వచ్చిందో గాని లేచి, పంచె దులుపుకోకుండా లోపలికి పోయాడు. నడవలోంచి అన్నాడు, "పక్కది గూడా లేపు. జీవం తిరగాలంటే ఒకటి చాలదు."

సుబ్బరత్నమ్మ కుందేలును దించింది. అది ముక్కు ఆడించింది. ముందరి గోళ్ళతో ఒకసారి గీరింది. గరికను కొరికింది. వెనక కాళ్ళ వేళ్ళు, బందంలోనే, మన్నులోకి దిగడం ఆనందయ్య చూశాడు. ఇనుపమేకు సుద్దలోకి దిగినట్టు దిగాయి. జారలేదు. ఆమె కూడా చెప్పులు విడిచింది. ఒక పాదం ఆ మన్నులో పెట్టి, వేళ్ళు ముడిచి, అట్లాగే ఉంచుకుంది. ఆనందయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు.

వెలుతురు తగిలిన గరిక వారం తిరక్కుండా పచ్చబడింది. కుందేలు దాన్ని మేసేది, కింద బొరియ తవ్వేది. తవ్వేటప్పుడు మన్నును వెనక్కి తన్నాలి కదా, తన్నడానికి కాళ్ళు లోపలికి రావాలి. కుడికాలు ముందు వచ్చింది. ఒకనాడు చూస్తే పొట్టకింద మడిచిపెట్టుకుని కూర్చుంది, ఎన్నడూ పక్కకు పోనట్టు. ఎడమకాలు సగమే వచ్చింది. మడమ బయటికి తిరిగే ఉండిపోయింది, వంకర ఇరుసు బండిచక్రం మాదిరి. ఎగిరితే ఒక పక్కకు ఒరిగేది. కానీ ఎగిరింది. పొట్టకింద తోలు మానింది, వెంట్రుకలు తెల్లగా వచ్చాయి. బందాన్ని రోజూ కాసేపు విప్పేవాళ్ళు. ఆమీదట కాసేపే కట్టేవాళ్ళు.

శనగ కోతలు ముగిశాయి. పార్టీ పెద్దలు రావడానికి ముందుదినం సుంకిరెడ్డి మధ్యాహ్నపువేళ వాకిట్లోకి వచ్చాడు.

"ఏం మేస్త్రీ, తీర్పు చెప్పేద్దామా? విప్పు ఆ గుడ్డ."

'రేయ్' అనలేదు, 'మేస్త్రీ' అన్నాడు. ఆనందయ్య ఆ పిలుపు విన్నాడు గాని విననట్టే ఉన్నాడు. సుబ్బరత్నమ్మ వేళ్ళు ముడి విప్పలేక తడబడ్డాయి. విప్పింది. కుందేలును మన్ను నడుమ పెట్టి వెనక్కి జరిగింది. అది కదల్లేదు. గరిక నమిలింది. చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పింది.

"ఆ, నమలడం బాగా వస్తాంది," అన్నాడు సుంకిరెడ్డి.

అప్పుడు ఆకాశంలో ఒక గద్ద తిరిగింది. దాని నీడ ప్రహరీ దాటి, బండలమీదినుంచి జారుతూ వాకిట్లోకి వచ్చింది. కుందేలు బిర్రబిగుసుకుంది. ఒక్క ఎగురున మన్ను అంచు దాటి పక్క బండమీదికి దూకి,

ధబ్!

మౌలాలి జీపు చాటుకు పడ్డాడు. మిద్దెమీద నరసింహులు, "రెడ్డీ! పడుకో!" అని అరిచాడు. సుంకిరెడ్డి వీపు గోడకు అతుక్కుంది, రెండు చేతులూ తలమీదికి పోయాయి, కళ్ళు మూతపడ్డాయి.

ధబ్! మళ్ళీ.

నిశ్శబ్దంలో ఒక నవ్వు వినపడింది. సుబ్బరత్నమ్మ. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు. నవ్వుతూ, కళ్ళనీళ్ళు కారుతుండగా, వేలితో చూపించింది. చిన్న తెల్లటి కుందేలు, చెవులు నిక్కబొడుచుకుని, ఆకాశం చూస్తూ, కుడికాలెత్తి బండను మూడోసారి గుద్దింది. పాలిషు బండమీద నిలబడి. జారలేదు.

"కాలు," అన్నాడు ఆనందయ్య. "కాలది. డాక్టరమ్మ చెప్పింది. భయమేస్తే మనకు చెప్తాది."  ఆ మెత్తటి కాల్లోంచి, తన వేలికింద తుమ్మపుల్లంత ఉన్న ఆ కాల్లోంచి, మిద్దెను అదరగొట్టే చప్పుడు వచ్చింది. గోడకాడ సుంకిరెడ్డి తలమీదినుంచి చేతులు దించాడు. దించిన చేతులను తనే చూసుకున్నాడు. గద్ద నీడ గోడ దాటి పోయింది. కుందేలు తృప్తిగా మొగం కడుక్కోవడం మొదలుపెట్టింది.

"ఓయబ్బ," అన్నాడు మౌలాలి జీపు వెనకనుంచి లేస్తూ. "రేపట్నుంచి కావలి దీనికే అప్పజెప్తాం రెడ్డీ. నరసింహులు కంటే మేలు. నిద్రపోదు."

నరసింహులు తిట్టుకుంటూ మెట్లు దిగి వచ్చాడు, దాన్ని దగ్గర్నించి చూడాలని. పైకి పొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు. సుంకిరెడ్డి వచ్చి బండ అంచున కూర్చున్నాడు. కుందేలు ఒరుగుతూ, ఎగురుతూ, ఆయన పాదం వాసన చూసి, మన్నులోకి దిగిపోయింది.

"పొద్దు శానా ఎక్కింది," అన్నాడు ఆయన, ఎవరితోనో. "ఈడికే తేపో."

సుబ్బరత్నమ్మ సంగటి తట్ట, శనక్కాయల ఊరిబిండి, పప్పు ఆడికే తెచ్చింది. ఆకులు వేసింది. ఒక ఆకు పట్టుకుని ఆనందయ్య లేచి గేటు పక్కకు కదలబోతే ఆమె ఆ ఆకును ఆయన చేతిలోంచి తీసుకుని, సుంకిరెడ్డి ఆకు పక్కన పరిచింది. ఆయన రెడ్డి మొగం చూశాడు. రెడ్డి కుందేలును చూస్తున్నాడు. ఆనందయ్య కూర్చున్నాడు. మౌలాలి, నరసింహులు కూర్చున్నారు. అందరికీ సంగటి ముద్ద పెట్టి, నడుమ ఊరిబిండి వేసి, ఆఖర్న ఆమె తన ఆకు కూడా వేసుకుని, మన్నులో పాదాలు పెట్టి కూర్చుంది.

గేటు సుంకిరెడ్డి వీపు వెనక ఉంది. మన్ను చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు గనక ఎవరో ఒకరి వీపు అటు ఉండక తప్పదు. ఆయనకే ఆ చోటు వచ్చింది. ఆయన సంగటి తుంచి, ఊరిబిండిలో అద్ది, తలవంచి తిన్నాడు.  నడుమ కుందేలు గరిక కొరుకుతున్న చప్పుడు సన్నగా వినపడుతూ ఉంది.